ఆరు ఆల్బమ్‌లకు ట్యూషన్

ఆ రోజుల్లో అని మొదలుపెట్టే అర్హత నాకింకా రాలేదని మా ఇంట్లోవాళ్ళ అభిప్రాయం. ముప్ఫై నిండనివాడికి 'ఆ రోజులు' ఏముంటాయి, ఉన్నా మొన్నటివే కదా అంటారు. నిజమే. కానీ మనంత తెలివైనవాళ్ళు లేరని మనం గట్టిగా నమ్మిన కాలం నిన్నటిదైనా సరే, వెనక్కి తిరిగి చూస్తే చాలా దూరంగా కనిపిస్తుంది. నాకా కాలం సిడ్నీలో, స్కోఫీల్డ్స్‌లోని ఒక ఇంటి పెరట్లో కట్టిన ఒంటిగది వాటాలో గడిచింది. మాస్టర్స్ చదువుతూ అక్కడ అద్దెకుండేవాణ్ణి. ముందున్న పెద్ద ఇంట్లో ముగ్గురు. పారమట్టా ఆఫీసులో వంతెనలు డిజైన్ చేసే గుంటూరు అంకుల్, ఆస్పత్రిలో డాక్టరుగా పనిచేసే ఆంటీ, వాళ్ళ పదహారేళ్ళ అమ్మాయి. ఎంట్రన్సులో తనకొచ్చిన ర్యాంకు చెప్పకుండా అంకుల్ ఏ సంభాషణా ముగించేవాడు కాదు గనక ఆ చుట్టుపక్కలుండే తెలుగు స్టూడెంట్లం ఆయన్ని చాటుగా ర్యాంకు అంకుల్ అనుకునేవాళ్ళం. (ఒకసారి బార్బెక్యూ మీద ఉల్లిపాయలు తిరగేస్తూ కూడా చెప్పాడు. ఉల్లిపాయలు మాడిపోయాయి. ర్యాంకు మాత్రం మంచిదే.)

కథంతా ఒక టీషర్టు దగ్గర మొదలైంది. నా సైజుకి సరిపోయిందన్న ఒకే ఒక్క కారణంతో సెకండ్ హ్యాండ్ షాపులో కొన్నాను. దాని మీద వానలో తడుస్తున్న కుర్చీ బొమ్మ ఉండేది. అది ఇంగ్లండు ఉత్తరాదిలో పుట్టిన ఒక రాక్ బ్యాండు గుర్తని నాకు తెలియదు. (బ్యాండు పేరు చెప్పను. వాళ్ళ అభిమానులు మంచివాళ్ళే గానీ, మేం చేసిన పని తెలిస్తే ఆ మంచితనం నిలవదు.) ఒక శనివారం మధ్యాహ్నం పెరట్లో బట్టలారేస్తుంటే ఆ అమ్మాయి ఆగి, "నైస్ షర్ట్" అంది. వాళ్ళ ఆల్బమ్‌లలో ఏదిష్టమని ఇంగ్లీషులో అడిగింది. తెలియదని చెప్పడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణాన్ని నేను వాడుకోలేదు. "సెకండ్ వన్" అన్నాను. ఏ బ్యాండుకైనా రెండోదంటూ ఒకటి ఉండకపోదని నా ధైర్యం. "ఎవ్రీవన్ సేస్ దట్" అనేసి ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

ఐదు నిమిషాల్లో అంకుల్ నా గుమ్మంలో ఉన్నాడు.

"ఏమోయ్, మా అమ్మాయి నీతో ఏదో మాట్లాడింది?"

"షర్టు బాగుందంది అంకుల్."

"కిటికీలోంచి చూశాలే. మూణ్ణాలుగుసార్లు నోరు తెరిచింది. మాతో అయితే ఒక్కటే మాట, ఫైన్. స్కూలెలా ఉందమ్మా అంటే ఫైన్. అన్నం తిన్నావా అంటే ఫైన్. మూడు నెల్లుగా ఆ ఒక్క మాట మీదే బండి నడుపుతున్నాం."

నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆపుకున్నాను. సంగతేమిటంటే, ఆ బ్యాండు సిడ్నీ వస్తోంది. మధ్యాహ్నం పూట పార్కులో ప్రోగ్రాం. పిల్లలు ఒంటరిగా రాకూడదు, పెద్దవాళ్ళు వెంట ఉండాలి. ఆంటీకి ఆ రోజు డ్యూటీ. అందుకని అమ్మాయికీ, ఆమె స్నేహితురాలికీ, తనకీ మూడు టిక్కెట్లు తీసుకున్నాడు అంకుల్. స్కోఫీల్డ్స్ నుంచి సిటీకి గంట ప్రయాణం. ఆ గంటలో కూతురితో మాట్లాడాలి. ఈ అవకాశం పోతే మళ్ళీ ఎప్పుడొస్తుందో ఆయనకి తెలియదు. "వచ్చే ఏడు ఇది ట్వెల్త్. ఆ తర్వాత యూనివర్సిటీ, హాస్టల్ అంటుంది. ఇంక నాకు దొరకదు" అన్నాడు, వంతెన ఎన్నేళ్ళు నిలుస్తుందో చెప్పే గొంతుతో. ఆ వెంటనే తేరుకుని, "మొత్తం ఆరు ఆల్బమ్‌లట. మనకి మూడు వారాల టైముంది. నువ్వు నాకు ట్యూషన్ చెప్పాలోయ్" అన్నాడు.

నాకేం తెలియదని అప్పుడైనా చెప్పొచ్చు. కానీ అంత పెద్దమనిషి నా ముందు నోట్సు పుస్తకం పట్టుకుని నిలబడితే నాలో ఒక లెక్చరర్ లేచి కూర్చున్నాడు. యూనివర్సిటీకి వెళ్ళే రైల్లో ఫోనులో ఆ బ్యాండు చరిత్రంతా చదివి, రాత్రికల్లా ఇంటర్ పద్ధతిలో నోట్సు తయారుచేసేవాణ్ణి. మొదటి ఆల్బమ్: గ్యారేజీలో రికార్డు చేశారు, అందరూ కోపంగా ఉన్నారు. రెండోది: పేరొచ్చింది. మూడోది: పేరొచ్చినందుకు బాధపడ్డారు. (ఈ బాధ మీద లాంగ్ ఆన్సర్ రావచ్చు.) అది అవగానే డ్రమ్మర్ వెళ్ళిపోయాడు. నాలుగోది: డ్రమ్మర్ బదులు మెషీన్లు పెట్టారు, అభిమానులు తిట్టారు. తర్వాత చాలా ఏళ్ళు మౌనం. ఐదోది: ఆ మౌనం గురించి. ఆరోది: డ్రమ్మర్ తిరిగొచ్చాడు, విమర్శకులు ఫరవాలేదన్నారు. అంకుల్ గ్యారేజీలో కారు పక్కన కుర్చీ వేసుకుని ఇవన్నీ వల్లెవేసేవాడు. మధ్యలో ఒకరోజు నాకే అనుమానం వచ్చింది.

"అంకుల్, పాటలు కూడా వినాలేమో?"

"టైముంటే చూద్దాం. ముందు థియరీ అవ్వనీ."

టైము లేకపోయింది. వారం వారం పెట్టిన పరీక్షల్లో మాత్రం ఆయనకి నూటికి తొంభై ఎనిమిది వచ్చాయి. పోయిన రెండు మార్కుల కోసం నాతో వాదించాడు కూడా.

తీరా ఆ రోజు పొద్దున అమ్మాయి స్నేహితురాలికి జ్వరం వచ్చి, మూడో టిక్కెట్టు నాకు దక్కింది. శిష్యుడి ప్రతిభ కళ్ళారా చూద్దామని ఎగిరి గంతేసి రైలెక్కాను. అమ్మాయి చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసి, మా వైపు చూసి చిన్నగా నవ్వింది. ఆమెకి నిజంగానే సంతోషంగా ఉంది. అంకుల్ గొంతు సవరించుకున్నాడు.

"నాలుగో ఆల్బమ్‌కీ ఐదో ఆల్బమ్‌కీ మధ్య ఎన్నేళ్ళు గ్యాపొచ్చింది? చెప్పు చూద్దాం!"

ఆమె తెల్లబోయింది. జవాబు ఆయనే చెప్పాడు. తర్వాత డ్రమ్మర్ ఊరు అడిగాడు. ఆమె తప్పు చెప్పింది. "అబ్బే, కాదమ్మా!" అని సరిదిద్దాడు. (మూడు వారాల్లో నేనాయనకి నేర్పింది జవాబులు చెప్పడమే. ప్రశ్నలు ఆయన ఎప్పట్నుంచో అడుగుతూనే ఉన్నాడు.) పారమట్టా దాటేసరికి ఆ నవ్వు పోయింది.

"డాడ్, ఆర్ యూ టెస్టింగ్ మీ?" అంది. ఆ తర్వాత, నాక్కూడా తగలాలనేమో, తెలుగులో అంది. "దీనికొక్కదానికే మార్కుల్లేవు నాకు. దీనిక్కూడా పెట్టేశారు." లేచి వెళ్ళి నాలుగు వరసల అవతల కూర్చుంది.

అంకుల్ నోట్సు మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేను కిటికీలోంచి స్టేషన్ల పేర్లు చదువుతూ కూర్చున్నాను.

పార్కులో ముగ్గురం మూడు దేశాలవాళ్ళలా నిలబడ్డాం. బ్యాండువాళ్ళు స్టేజి మీదికొచ్చారు. పొట్టలొచ్చి, జుట్టు పలచబడి, అంకుల్ బ్యాచ్‌మేట్లలా ఉన్నారు. ఏదో పాట మొదలైంది. వేలమంది ఒక్కసారిగా కేకలు వేశారు. మేమిద్దరం మాత్రం మొహాలు చూసుకున్నాం. అంకుల్ నా చెవిలో, "ఇది ఎన్నో ఆల్బమ్‌లోదోయ్?" అన్నాడు, గుసగుసలాడుతున్నాననుకుంటూ. ఆ గోలలో గుసగుస అంటే అరుపే. "రెండోదనుకుంటా అంకుల్!" అని నేనూ అరిచాను.

అమ్మాయి గిరుక్కున తిరిగింది. "ఇది ఫిఫ్త్ ఆల్బమ్! మీరు వినలేదా?"

నేను నీళ్ళు నమిలాను. అంకుల్ నమల్లేదు. హెడ్మాస్టరు గదిలో చెప్పులు విడిచి నిలబడ్డ పిల్లాడిలా, "ఒక్కటి కూడా వినలేదమ్మా. ఒక్క పాట కూడా" అన్నాడు.

"ఆరు ఆల్బమ్స్ చదివి... ఒక్క సాంగ్ వినలేదా?"

"థియరీ అయ్యాక విందామనుకున్నాం."

ఆమె నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి గడ్డిలో కూలబడి, కళ్ళు తుడుచుకుని, లేచి వచ్చి ఆయన పక్కన నిలబడింది. పాటపాటకీ ఆయన చెవి దగ్గర నోరుపెట్టి ఏదో చెబుతూనే ఉంది. ఒక నెమ్మదైన పాటకి చుట్టూ ఉన్నవాళ్ళు కళ్ళు ఒత్తుకుంటుంటే, "ఇది దేని గురించమ్మా?" అని ఆయన అడగడం నాకు వినపడింది.

"బస్టాప్ గురించి."

"బస్టాపు గురించి ఇంత ఏడుపా?"

"డాడ్. జస్ట్ లిసన్."

ఆయన విన్నాడు. కళ్ళు మూసుకుని, నోరు కూడా మూసుకుని, నేనెరిగినంతలో మొదటిసారి.

వేసవి కాలం కావడంతో తిరుగు రైలెక్కేటప్పటికి ఇంకా ఎండ ఉంది. అమ్మాయి ఇయర్‌ఫోన్ ఒకటి తన చెవిలో, ఒకటి ఆయన చెవిలో పెట్టింది. వైరు పొట్టిది కావడంతో ఆయన స్కోఫీల్డ్స్ దాకా మెడ వంచుకునే కూర్చున్నాడు. (మర్నాడు మెడ పట్టేసింది. ఆంటీ మందు రాసింది.) ఎవరూ ఎవర్నీ ఏమీ అడగలేదు. వాళ్ళకెదురుగా, రెండు చెవులూ ఖాళీగా ఉన్న కుర్రాడొకడు కూర్చున్నాడు. తను చెప్పిన పాఠమంతా మట్టిలో కలిశాకే ఆ ఇద్దరూ కలిశారని వాడికింకా తెలియదు. వాళ్ళని చూసి మురిసిపోతూ, తన ట్యూషన్ ఎంత బాగా పనిచేసిందో అనుకుంటున్నాడు. ఇప్పుడు తలుచుకుంటే వాడి భుజం తట్టి అసలు సంగతి చెప్పాలనిపిస్తుంది. మళ్ళీ, స్టేషను వచ్చేదాకా మురవనిద్దాంలే అనిపిస్తుంది.