కచేరీ మధ్యలో శాలువా

సిద్దిపేట జిల్లా అయిన మరుసటి సంవత్సరం, దసరా సెలవులకు ముందు, మా రేడియో కేంద్రం నన్ను వాద్యబృందానికి తాత్కాలిక నిర్వాహకురాలిగా నియమించింది. అంతవరకు నాది వయోలిన్ వరుసలో నాలుగో కుర్చీ. వాద్యబృందం అంటే వీణ, వేణువు, వయోలిన్, మృదంగం వంటి వాద్యాలన్నీ కలిసి, ముందుగా రాసిపెట్టుకున్న సంగీతాన్ని వాయించే జట్టు. నిర్వాహకులు ఎదురుగా నిలబడి కుడిచేత్తో తాళం చూపిస్తారు, ఎవరు ఎప్పుడు అందుకోవాలో ఎడమచేత్తో చెబుతారు. తాము వాయించేది ఏమీ ఉండదు. తప్పు జరిగితే మాత్రం అది వాళ్లదే.

తాత్కాలికం అన్న మాటకు మా ఆఫీసులో ఒకటే అర్థం, ఎప్పుడైనా దింపవచ్చని. సిద్దిపేట కచేరీ ప్రత్యక్ష ప్రసారం అవుతుందనీ, అది సజావుగా సాగితే పదవి ఖాయం చేస్తామనీ, లేకపోతే పాత కుర్చీకి వెళ్లాల్సి ఉంటుందనీ డైరెక్టరు గారు ముందే చెప్పేశారు. ఆయన మంచివారే. కాకపోతే ఏదైనా మొహం మీదే చెప్పే రకం.

సిద్దిపేట నా సొంత ఊరు. మా బాపు నేతపని చేసేవాడు. సరళీస్వరాల కంటే ముందే మగ్గం చప్పుడు నా చెవుల్లో పడింది. ఆ లయ మీదే కొత్తగా ఒక రచన చేశాను. అందులో ఒకచోట పోగు తెగుతుంది. నేసేవాడు మగ్గం ఆపి, పోగు అతికి, మళ్లీ మొదలుపెడతాడు. ఆ ఆగినంతసేపూ వాద్యాలన్నీ నాలుగు ఆవర్తనాలు ఊరుకోవాలని రాశాను. ఎనిమిది అక్షరాల తాళం ఒకసారి పూర్తిగా తిరిగితే ఒక ఆవర్తనం. తాళం నెమ్మదిగా నడుస్తున్నప్పుడు నాలుగు ఆవర్తనాలంటే వినేవాళ్లకు చాలాసేపే. వెనక తంబూర ఒక్కటే మోగుతుంది, నా చెయ్యి తాళం వేస్తూనే ఉంటుంది.

ఆ ఆగడానికి ముందు ఒకే ముక్కను మూడుసార్లు వాయించాలి. మన సంగీతంలో అలా మూడుసార్లు వాయించి ఆపితే ముగింపు అని గుర్తు. దాన్నే ముక్తాయింపు అంటాం. అయిపోయిందనిపించి, మళ్లీ మొదలవడంలోనే ఆ రచన ప్రాణమంతా ఉందని నా నమ్మకం.

ఆ రోజు నా భయమంతా డోళ్ల గురించే. మగ్గం దెబ్బ కోసం ఒగ్గుకథల్లో డోలు వాయించే నలుగురిని కోహెడ నుంచి పిలిపించాను. వాళ్ల పెద్ద మల్లయ్య. మధ్యాహ్నం రిహార్సల్‌లో నలుగురూ నా చేతి వంక చూడటమే లేదు. చెయ్యి చూడకపోతే బృందం ఎలా నడుస్తుందని కాస్త కోపంగానే అడిగాను.

"చెయ్యి సూస్తె మాకు దరువు తప్పుతది అక్కా. మేం మొకమే సూస్తం" అన్నాడు మల్లయ్య.

"మొకంల ఏం కనవడ్తది మల్లయ్యా?"

"అన్నీ కనవడ్తయ్. గిప్పుడైతే భయం కనవడ్తుంది."

జట్టంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. అన్నం ముందు పెట్టుకుని రెండు ముద్దలకు మించి తినలేకపోయాను. నాలుగో కుర్చీ ఎంత హాయో అప్పుడు తెలిసింది.

సాయంత్రం హాలు నిండింది. ఎర్ర దీపం వెలిగింది, అంటే ప్రసారం మొదలైందన్నమాట. మొదటి రెండు అంశాలు బాగానే నడిచాయి. మూడోది నా రచన. డోళ్లు ఎక్కడా తప్పలేదు. మూడుసార్ల ముక్క వచ్చింది, అందరూ ఒక్కసారిగా ఆగారు. నేను అనుకున్నట్టే పోగు తెగింది.

హాలంతా చప్పట్లు కొట్టింది.

కచేరీలు వినే అలవాటున్న ఊరు కాబట్టే కొట్టారు. ముక్తాయింపు తెలియని వాళ్లయితే నోరు మూసుకుని కూర్చునేవారు. నేను వెనక్కి తిరగలేదు. రెండో ఆవర్తనం లెక్కపెడుతుంటే వేదిక మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడింది. ఆ సభ అధ్యక్షుడు, బట్టల దుకాణం నర్సయ్య గారు, ముందు వరుసలో శాలువా ఒళ్లో పెట్టుకుని ఎప్పుడెప్పుడా అని కూర్చున్నారు. సన్మానం లేకుండా మన దగ్గర ఏ సభ జరిగింది గనక! ఆయన వచ్చి శాలువా విప్పి, నా భుజాల మీద కప్పి, రెండు కొసలూ ముందుకు లాగారు. తాళం వేస్తున్న చెయ్యితో పాటు రెండోది కూడా దాని కిందికి పోయింది.

"సిద్దిపేట పేరు నిలవెట్టినవ్ బిడ్డా" అన్నారు.

"ఇంకా అయిపోలే పెదనాయినా, జర ఆగున్రి" అన్నాను. మైకు పక్కనే ఉన్న సంగతి గుర్తులేదు.

ఆయన ఉన్నచోటే నిలబడిపోయారు. మూడో ఆవర్తనం పోయింది. శాలువా కింద వేళ్లు లెక్క తప్పలేదు గానీ, ఆ లెక్క బృందంలో ఎవరికీ కనబడదు. వయోలిన్ల వాళ్లు విల్లులు ఎత్తి పట్టుకుని బిక్కమొహాలతో చూస్తున్నారు. కొస విడిపించుకుందామంటే నర్సయ్య గారు దాన్ని వదలడం లేదు. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. నాలుగో ఆవర్తనం చివర, వేరే దారి లేక, గడ్డం పైకెత్తి దించాను.

డోళ్లు నాలుగూ ఒక్క దెబ్బగా పడ్డాయి. నర్సయ్య గారు అదిరిపడి శాలువా వదిలేసి వెనక్కి జరిగారు. మృదంగం వెంటనే అందుకుంది, వయోలిన్లు సగం అక్షరం ఆలస్యంగా వచ్చి కలిశాయి. చప్పట్లు ఆగాయి. శాలువా తీసే వీలులేక చివరిదాకా దాన్ని కప్పుకునే నడిపించాను.

కచేరీ అయ్యాక డైరెక్టరు గారు ఫోన్ చేశారు. పదవి ఖాయం చేయమని రాస్తానన్నారు. వయోలిన్లు ఆలస్యమైన సంగతి ఆయన పట్టుకున్నారు. ఆ నిశ్శబ్దాన్ని సగానికి తగ్గించమన్నారు. చివర్లో, "ఇంకా అయిపోలే అన్నది ఎవరండీ? మాటలు కూడా రాశారా?" అని అడిగారు. జరిగింది చెప్పాను. ఆయన నవ్వడం నేను వినడం అదే మొదటిసారి.

నాలుగు ఆవర్తనాలను రెండు చేశాను. అందుకు నాకు ఇప్పటికీ బాధే. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఎన్నో ఊళ్లలో బృందాన్ని నడిపించాను. ఏ ఊళ్లోనైనా శ్రుతి సరిచూసుకోవడం నా రెండో పని. మొదటి పని, శాలువా ఎవరి ఒళ్లో ఉందో కనుక్కోవడం.