తప్పు లేని ప్రూఫు

మా వఠారంలో ఆదినారాయణప్పకు భయపడని వాళ్లు లేరు. కోపిష్టి కాడు, గొంతు కూడా చిన్నదే. కానీ ఎవరి చేతిలో ఏ కాగితం కనబడినా "ఇటియ్యప్పా" అని తీసుకునేవాడు. రెండు నిమిషాలు చూసి, చెవి మీది పెన్సిలు అందుకొని, ఒకచోట సున్న చుట్టి తిరిగి ఇచ్చేవాడు. కరెంటు బిల్లులో పేరు తప్పు. నాటకం కరపత్రంలో తేదీకీ వారానికీ పొంతన లేదు. హోటలు గోడ మీద వడకు ఒక ఒత్తు ఎక్కువ. "తప్పును చూసి వదిలిపెడితే అది మనల్ని చూసి నగుతాదప్పా" అనేవాడు.

ఆ కన్ను ఆయనకు నగర్తపేటలోని పెండ్లిపత్రికల ప్రెస్సులో వచ్చింది. తాత కాలంలో పెనుకొండ వైపు నుంచి వచ్చి బెంగళూరులో నిలిచిన కుటుంబం. పదిహేడో ఏట కంపోజిటరుగా చేరి ముప్పైయొక్క ఏండ్లు సీసపు అక్షరాలు పేర్చాడు, తెలుగూ కన్నడమూ రెండూ. సీసపు అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. కాగితం మీద అచ్చు పడ్డాకే అది మనకు అర్థమయ్యేది. ఆయనకు మాత్రం తిరగబడినదే సొంత లిపి. ఒక్కో ఆదివారం పేపరును తలకిందులుగా పట్టుకొని చదువుతూ అరుగు మీద కూర్చునేవాడు. ఏమిటిదని అడిగితే, "ఇట్లయితే కథలో పడం. అక్షరమే కనబడతాది" అన్నాడు. ఎంతో చదివాననుకునే నాకు ఆ మాట చాలా రోజులు గుర్తుండిపోయింది.

పేర్చినదాన్ని ముందు ఒక నాసిరకం కాగితం మీద ఒత్తి చూసేవారు. అదే ప్రూఫు. తప్పులు పట్టుకోవడానికే పుట్టిన కాగితం అది. ఎర్రగీతలతో నిండిపోయి, సాయంత్రానికి బోండాలు చుట్టుకోవడానికి పోయేది. ఒకసారి ఒక పత్రికలో వరుడి పేరూ వరుడి తండ్రి పేరూ తారుమారైతే ఆఖరి గడియలో పట్టింది ఈయనే. "నేను చూడకుంటే ఆ ముసలాయనకు ఇంకో పెండ్లి అయిపోయేది" అని ఏళ్ల తరబడి చెప్పుకున్నాడు.

2001లో ప్రెస్సు యజమాని వెంకటగిరియప్ప కంప్యూటర్లు తెప్పించి, సీసపు అక్షరాలన్నీ తూకానికి అమ్మేశాడు. "నీ కన్నుకు నేను దండం పెడతానప్పా. అయితే తప్పులు ఇంక మిషనే చూసుకుంటాది" అని ఆదినారాయణప్పను సాగనంపాడు. ఆయన ఇంటికి తెచ్చుకున్నది ఒక అగ్గిపెట్టె, అందులో నాలుగైదు సీసపు ముక్కలు. అంతే.

ఆ తర్వాత ఆయన మమ్మల్ని కాగితాలు అడగడం మానేశాడు. మొదట్లో వఠారమంతా హాయిగా ఊపిరి పీల్చుకుంది. ఏడాది గడిచాక ఆయన భార్య పద్మావతి మా గడప దగ్గర నిలబడి కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"అన్నా, మీరైనా ఆయప్పను కొంచెం బయటికి పిలుచుకొని పోండి. నిన్న సాంబారులో ఉప్పు వేయలేదు."

"మరిచిపోయుంటావులే అమ్మా."

"మరిచిపోలేదన్నా, కావాలనే వేయలేదు. ఏమంటాడో చూద్దామని. ఒక్క మాట అనలేదు. తిని, చెయ్యి కడుక్కొని, గోడ పక్క తిరిగి పండుకున్నాడు. ఇరవై ఏండ్లు ఆయప్ప వంకలు పెడతాడని ఏడ్చినాను. ఇప్పుడు ఒక్క వంక పెట్టు సామీ అని మొక్కుకుంటా ఉండాను."

మనిషి పోయేది ఎప్పుడో ఒకసారి కాదు, ఇలా ఒక్కో వంకా మానుకుంటూ పోతాడని ఆ రోజు నాకు తోచింది.

మా వీధి చివర ప్రేమకుమారి అని ఒకామె ఇంటర్నెట్ సెంటర్ నడిపేది. ముప్పై దాటిన మనిషి, నోరు గలది. అక్కడ వేలం సైటులో పాత పుస్తకాలు దొరుకుతాయని వెళ్లేవాణ్ణి. 2003లో ఒక మధ్యాహ్నం ఆదినారాయణప్పను వెంట తీసుకుపోయాను. ఆమె బోర్డు మీద కన్నడంలో 'ఇంటర్నెట్ కేంద్ర' అని రాయించుకుంది. పెయింటరు రావత్తు మింగేయడంతో అది 'కేంద' అయి కూర్చుంది. ఆయన దాని కిందుగానే నడిచివచ్చాడు. తలెత్తలేదు.

నేను పుస్తకాలు వెతుకుతుంటే పక్కనే ఉత్తినే కూర్చున్నాడు. పేజీ జరుపుతూ పోతే నాణేల వరస వచ్చింది. ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకున్నాడు.

"నిలుపప్పా. అది ప్రూఫ్ అని కదా ఉండేది?"

నిజమే. 'ప్రూఫ్ సెట్, 1973, బొంబాయి టంకశాల' అని ఉంది. నల్ల పెట్టెలో వరసగా నాణేలు.

"అంటే టంకశాలోళ్లు కూడా ముందు ప్రూఫు తీస్తారన్నమాట!" ఆయన కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "తప్పులు చూసుకోవడానికి కొట్టినవి. ఆ బొంబాయిలో ఎవడో నాలాంటోడు కూర్చొని చూసుంటాడు. అవి నాకు కావల."

అది అలా కాదేమోనని నాకు లోపల అనుమానం. అయితే రెండేళ్ల తర్వాత ఆయన నోట 'కావల' అన్న మాట వచ్చింది. నేను ఊరుకున్నాను.

పద్మావతి మిక్సీ కోసం దాచినది తెచ్చి ఇచ్చేసింది. "మిక్సీ ఇంకో ఏడు ఆగుతాది. మనిషి ఆగడు" అంది.

వేలం ముగిసేది శనివారం నాలుగింటికి. వినాయక చవితికి లడ్డు వేలం చూసినవాడు కనుక ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకొని వచ్చాడు. "ఒకటోసారి, రెండోసారి అనేవాడు యాడుండాడు?"

"ఎవరూ అనరు అంకుల్. ఆ మూలలో గడియారముంది చూడండి, అదే" అంది ప్రేమకుమారి.

"ఎదుటోడి మొగమన్నా కనబడాల కదమ్మా?"

"కనబడకపోవడమే మంచిది. మీ మొగం చూస్తే వాడు ఇంకా రెండింతలు పాడతాడు."

చివరి నిమిషంలో ఎవరో పాట పెంచారు. ఆమె అడగకుండానే ఆయన వేలితో అంకె చూపించాడు, ఆమె కొట్టింది. గడియారం సున్నాకు వచ్చింది. సెట్టు ఆయనది. అమ్మినాయన సికింద్రాబాదులో వీరభద్రం అనే రిటైర్డు రైల్వే ఉద్యోగి. డీడీ పంపాము. పది రోజులకు పార్సెల్ వచ్చింది.

మూడు రోజులు ఆదినారాయణప్ప కిటికీ దగ్గర నుంచి లేవలేదు. చేతిలో భూతద్దం. పెట్టె తెరవకుండా, పైనున్న ప్లాస్టిక్ మూతలోంచే ఒక్కొక్క అక్షరం, ఒక్కొక్క చుక్క, అంచు మీది ఒక్కొక్క పన్ను చూశాడు. బొమ్మల వెనక నాణెం నేలంతా అద్దం. దాని మీద సింహాలు పొడి మంచు పట్టినట్టు తెల్లగా ఉన్నాయి. మూడో రోజు సాయంత్రం నన్ను పిలిచాడు. మొహం ఎర్రగా ఉంది.

"మోసమప్పా. ఒక్క తప్పు లేదు."

ప్రేమకుమారి దగ్గరికి పోయి ఈమెయిలు రాయించాడు. ఆయన చెప్పినది చెప్పినట్టే తెలుగులో కొట్టడం అప్పట్లో కుదరక ఆమె ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగే పెట్టింది: "అయ్యా, తమరు పంపినది ప్రూఫు కాదు, ఫైనలు. ముప్పైయొక్క ఏండ్ల అనుభవంతో చెప్తా ఉండాను. అసలు ప్రూఫు పంపగలరు."

మర్నాడు జవాబు వచ్చింది. ప్రేమకుమారి నవ్వాపుకుంటూ చదవడం మొదలుపెట్టి, సగంలో నవ్వు మానేసింది.

"ఆదినారాయణప్ప గారికి నమస్కారం. నేను నలభై ఏళ్లుగా నాణేలు కూడబెడుతున్నాను, ఇలాంటి ఫిర్యాదు ఎవరూ చేయలేదు. అయ్యా, టంకశాలలో ప్రూఫంటే తప్పుల కోసం తీసేది కాదు. అచ్చును అద్దంలా మెరుగుపెట్టి, బిళ్లను కూడా మెరుగుపెట్టి, ఒకటికి రెండుసార్లు నిదానంగా కొట్టి తీసేది. వాళ్లు చేయగలిగిన దానిలో అన్నిటికన్నా మంచిది. పొరపాటున కొన్నారు గనక వారంలోపు తిప్పి పంపితే మీ డబ్బు పంపిస్తాను. మొహమాటపడకండి."

దారంతా ఆయన తల దించుకొనే నడిచాడు. మళ్లీ గోడ పక్కకు తిరుగుతాడేమోనని నాకు భయం. మిషనుకు ఓడిపోయిన మనిషి, ఇప్పుడు తన సొంత మాటకే అర్థం తెలియనివాడయ్యాడు. పద్మావతి గడపలోనే నిలబడి ఉంది. విషయం విని, "పంపిచ్చేస్తావా?" అని మాత్రం అడిగింది.

ఆయన అగ్గిపెట్టె తెచ్చి, అందులోని సీసపు ముక్కలు వేళ్ల మధ్య వరసగా పేర్చి పట్టుకున్నాడు. ఇంకో చేత్తో నాణేల పెట్టెను కిటికీ వెలుగుకు తిప్పాడు. అన్నిటికన్నా పెద్ద వెండి నాణెం మీదికి ఆ ముక్కలు వంచాడు.

"ఇట్ల రా. దీంట్లో చూడు."

పద్మావతి వంగి చూసింది. భర్త ముప్పైయొక్క ఏండ్లు చదివిన లిపి ఆమెకు ఏనాడూ అర్థం కాలేదు. ఆ నాణెం అద్దంలో సీసపు అక్షరం మళ్లీ తిరగబడి, అందరూ చదివేలా సరిగ్గా నిలబడింది. ఆమె కూడబలుక్కుంది. "ప... ద్మా... ఓయ్, ఇది నా పేరు!"

"మన పెండ్లిపత్రికలోది. నేనే పేర్చినాను కదా. తూకానికి ఇయ్యబుద్ధి కాలే."

"ఇన్ని దినాలు చెప్పలేదే?"

"చెప్తే నీకు చదవను రాదు కదా" అన్నాడాయన. తర్వాత నా వైపు తిరిగి, నాకో తనకో తెలియకుండా అన్నాడు: "మేము ప్రూఫంటే బోండాలకు పనికొచ్చేదనుకున్నాం. వాళ్లు చూడప్పా, దాన్ని యాడ కూర్చోబెట్టినారో."

పెట్టె తిప్పి పంపలేదు.

వారం తర్వాత ఆయనే నన్ను సెంటరుకు పిలుచుకుపోయాడు. వీరభద్రం గారు అమ్మకానికి పెట్టినవన్నీ చూపించమన్నాడు. ఒక విదేశపు సెట్టు దగ్గర ఆపించి, ముక్కు తెరకు ఆనేంతగా వంగాడు.

"అమ్మా, దీన్ని ప్రూఫ్ అని రాసినాడా?"

"అవునంకుల్, ప్రూఫే."

"కాదు." ఆ మాట అంత గట్టిగా అనడం చాలా రోజుల తర్వాత విన్నాను. "సైటులో మన సెట్టు ఫొటో మళ్లీ తెరువు. దాంట్లో చూడు, నాణెం నేల మీద ఫొటో తీసినాయన వేళ్లు కనబడతా ఉండాయి. దీంట్లో యాడ? ఒక్క వేలన్నా ఉండాదా? ఇది అద్దం కాదు. శ్రద్ధగానే కొట్టినారు, అయితే ఇది వేరే. ఆయనకు రాయి."

రెండు రోజులకు జవాబు. వీరభద్రం గారు అటక మీది పెట్టెలు దింపి చూసుకున్నారట. అది స్పెసిమెన్ సెట్టు. మామూలు వాటికన్నా నునుపుగా తీసేదేగాని ప్రూఫు కాదు. చూపు తగ్గి పెట్టెలు తారుమారు చేశారు. దానికి అప్పటికే ఆరుగురు పాడుతున్నారు. "అది అమ్ముడుపోయి ఉంటే నలభై ఏళ్ల నా పేరు పోయేది. ఇక ముందు ఏది పెట్టినా తమరు చూసి సరేనన్నాకే పెడతాను. మీ కన్నుకు ఎంత ఇమ్మంటారో చెప్పండి" అని రాశారు.

"స్పెసిమెనా!" ఆదినారాయణప్ప పకపకా నవ్వాడు. "మా అచ్చుపనిలో స్పెసిమెన్ కాపీ అంటే బడి అయ్యవార్లకు ఊరకే ఇచ్చే పుస్తకం. ఈయప్ప దాన్ని కూడా అమ్ముతా ఉండాడే! రాయమ్మా. ఎంతని ఏమీ వద్దు, నెలకొక సెట్టు చూడనిస్తే చాలని రాయి."

"సుమ్నే, ఊరకే ఉండండి అంకుల్. ఫీజు తీసుకుంటారని రాస్తున్నా" అంది ప్రేమకుమారి. రాసింది కూడా.

అట్లా మొదలైంది. ఆ ఏడు చివరికి హుబ్బళ్లి నుంచి ఒకరు, విజయవాడ నుంచి ఒకరు తమ నాణేల ఫొటోలు పంపి ఆయన మాట కోసం ఎదురుచూడసాగారు. పెద్ద సంపాదన ఏమీ కాదు. మిక్సీ మాత్రం వచ్చింది. నాణేల రాతలను ఆయన తలకిందులుగా తిప్పించి చూస్తుంటే, కొత్తగా వచ్చినవాళ్లు ఈ పెద్దాయనకు కంప్యూటరు తెలియదనుకొని సాయం చేయబోయేవారు.

నాకు అన్నిటికన్నా గుర్తున్నది మాత్రం ఆ స్పెసిమెన్ జవాబు వచ్చిన రోజే. సెంటరు మెట్లు దిగి నాలుగడుగులు వేసిన మనిషి ఆగాడు. వెనక్కి తిరిగి తలెత్తాడు. చెయ్యి చెవి మీదికి పోయింది. అక్కడ పెన్సిలు లేదు, అయినా పోయింది.

"ప్రేమకుమారమ్మా! బోర్డులో రావత్తు యాడమ్మా?"

ఆమె బయటికి వచ్చి చూసింది. "నాలుగేళ్ల నుంచి అట్లే ఉంది అంకుల్. ఎవరూ అడగలేదు. మీరు కూడా ఎన్నిసార్లు దీని కింద నుంచి పోలేదు?"

"అప్పుడు నేను పోతా ఉంటి. చూస్తా ఉండలేదు" అన్నాడాయన. "నిచ్చెన ఉండాదా?"