ఆ ఐదు శాతం

పోయిన ఎండాకాలం సంగతి. హఫీజ్‌పేట్‌లో లోకల్ రైలెక్కి కూర్చున్నానో లేదో, మేనేజర్ ఫోన్. "తప్పు నాదేనండి. సర్వర్లకు కొత్త డిస్కులు సిద్ధంచేసే సెట్టింగుల ఫైల్లో ఆ ఐదు శాతం నేనే తీసేశాను," అని ఒప్పుకుని పెట్టేశాను. రెండు రోజులుగా ఒక్కొక్కరికీ అదే మాట చెప్పి చెప్పి నోరెండిపోయింది.

పక్క సీట్లో పెద్దావిడ, ఒళ్లో ఖాళీ స్టీలు గిన్నె పెట్టుకుని నావైపే చూస్తోంది.

"ఏం తీసేసినవ్ బిడ్డా?"

ఓపిక లేకపోయినా చెప్పాను. ప్రతి డిస్కులో ఐదు శాతం చోటు దాన్ని చూసుకునేవాళ్ల కోసం విడిగా ఉంచుతారని, అది దండగనుకుని నేను సున్నా చేశానని, తీరా డిస్కు నిండి సర్వర్ ఆగిపోతే బాగుచేయడానికి నాకే చోటు లేకపోయిందని.

"గట్లెట్ల తీసేస్తవ్? నేను హాస్టల్ల వండుత. పిల్లలకు వడ్డించకముందే నా గిన్నెల ఇంత ఏసి పక్కకు పెడ్త. నేను పడిపోతే రేపు వాళ్లకెవరు వండాలె?"

ఆమె స్టేషన్ వచ్చింది. లేస్తూ, "పొద్దున తిన్నవా?" అంది. గిన్నె చంకన పెట్టుకుని దిగిపోయింది.

ఆఫీసుకు వెళ్లగానే ఫైల్లో మళ్లీ ఐదు పెట్టాను. అది కొత్త డిస్కులకే పనిచేస్తుంది; పాతవాటిని ఒక్కొక్కటిగా సరిచేసుకోవాలి. అవన్నీ ఆ వారంలోనే చేసేశాను.

నేను మాత్రం ఇవాళ కూడా తినకుండానే రైలెక్కాను.