దసరానాడు కడిగిన ఇంజన్

మా అక్కకు రోజుకు ఏడు వందల మిల్లీలీటర్ల నీళ్లు. మందుబిళ్లలకు, చాయ్‌కి, దాహానికి అన్నిటికీ కలిపి అంతే. రెండు కిడ్నీలూ పనిచేయడం మానేశాక డాక్టరు చెప్పిన కొలత అది. ఒక ప్లాస్టిక్ సీసాకు నేనే గీతలు గీసి, రోజూ పొద్దున్నే నింపి ఆమె మంచం పక్కన పెడతాను. మూడేళ్లలో ఒక్కరోజు కూడా ఆ గీత దాటి పోయలేదు.

నా పనే కొలతలు. నంగునూరు చుట్టుపక్కల ఇల్లు కట్టుకునేవాళ్లకు ఇటుకలెన్ని, ఇసుకెంత, స్లాబుకు సిమెంటు ఎన్ని బస్తాలు అని లెక్క వేసి చెబుతాను. చదివింది పదో తరగతి. మిగతాది మేస్త్రీల వెనక తిరిగి, తప్పులు చేసి నేర్చుకున్నాను. అలాంటివాణ్ని, ఆ దసరానాడు నీళ్లను కొలవకుండా పోశాను.

మంగళ, గురు, శనివారాల్లో అక్కను సిద్దిపేట దవాఖానకు డయాలిసిస్‌కు తీసుకెళ్లాలి. నాలుగు గంటలు మిషన్ మీద ఉంటుంది. ఆ ఏడు దసరా మంగళవారం వచ్చింది. పండుగ కాబట్టి పదకొండింటికల్లా రమ్మన్నారు, మూడింటికి మిషన్లు ఆపేస్తామన్నారు. ఆలస్యమైన ప్రతి నిమిషం ఆమె నాలుగు గంటల్లోంచే పోతుంది. పన్నెండున్నర దాటితే ఇక గురువారమే. శనివారం నుంచి గురువారానికి ఐదు రోజులు. ఆ ఉదయం ఆమె బరువు యాభై ఒక కిలోల ఆరు వందల గ్రాములు. ఉండాల్సింది నలభై ఎనిమిది. ఆ తేడా అంతా ఒంట్లో చేరిన నీరే. కాళ్లు ఉబ్బి, నాలుగు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటోంది.

దసరాకు పనిముట్లన్నీ కడిగి పూజలో పెడతాం. టేపు, గోడల మట్టం చూసే సన్నని పైపు, పానాలు కడిగి పెట్టాను. తర్వాత కారు. ఏటా పైపైన కడిగి ఊరుకునేవాణ్ని. ఈసారి మాత్రం, అక్కను మోస్తున్నది ఇంజనే కదా, దానికి స్నానం లేకపోతే ఎట్లా అనిపించింది. బానెట్ ఎత్తి, బోరు మోటారు వేసి, పైపు మూతిని బొటనవేలితో నొక్కి మట్టి అంతా వదిలేదాకా కొట్టాను. చివరికి పసుపు కుంకుమ బొట్లు పెట్టి, ముందు చక్రాల కింద తొక్కించడానికి నిమ్మకాయలు ఉంచాను.

పది దాటి ఐదు నిమిషాలకు అక్కను వెనక సీట్లో కూర్చోబెట్టి తాళం తిప్పాను. ఇంజన్ అందుకుంది కానీ, బండి మొత్తం చలిజ్వరం వచ్చినట్టు వణికింది. ముందు చక్రాలు నిమ్మకాయల మీదికి ఎక్కాయి. కాయలు నలిగాయి, బండి ఆగిపోయింది. పదకొండుసార్లు తిప్పాను. మళ్లీ అందుకోలేదు.

వాడకట్టులో ఉన్న రెండు కార్లూ పండుగకు ఊళ్లకు పోయాయి. ఆటోవాళ్లు ఇద్దరూ ఫోన్ ఎత్తలేదు. అంబులెన్సు ఇంకో కేసు మీద ఉంది, గంట పట్టవచ్చన్నారు. మా వెనక వీధిలోని మెకానిక్ ఇంటికి పరుగెత్తాను. కొత్త అంగీతో, ఖాళీ చేతులతో వచ్చాడు. బానెట్ కిందికి వంగి చూసి నవ్వాడు.

"ఇంజన్‌కు గిట్ల తానం పోస్తరా అన్నా? పెండ్లికొడుకును జేసినవ్."

వెనక సీట్లో అక్కను చూశాక నవ్వడం ఆపాడు. నాలుగు ప్లగ్గులూ లోతైన గుంతల్లో ఉంటాయట. వాటిలో నీళ్లు నిలిచాయి కాబట్టి కరెంటు అందడం లేదట. ప్లగ్గులకు కరెంటు పంపే పైనున్న కాయిళ్లు విప్పి నీళ్లు తీయాలి, ప్లగ్గులను మాత్రం ముట్టకూడదు, ముడితే నీళ్లు లోపలికి దిగుతాయి. కావాల్సింది పదో నంబరు పానా ఒక్కటే. తెమ్మన్నాను. అతను తల దించుకున్నాడు.

"పానాలు పూజల ఉన్నయన్నా. జమ్మికి పోయొచ్చేదాంక ముట్ట. మా నాయిన ఓపారి ముట్టిండు, గా యేడే ఆయన చెయ్యి..." అని ఆగాడు. "నేను జెప్త, నువ్వు ఇప్పు."

నా పానా కూడా పూజలోనే ఉంది. మా నాయిన నేర్పిన ఆ కట్టును నేను కూడా ఏనాడూ దాటలేదు. దేవుని అర్ర గడప దగ్గర నిలబడిపోయాను. పది నలభై ఒకటి. నలభై రెండు. నిమిషాలు లెక్కబెడుతున్నాను తప్ప కాలు కదలడం లేదు. మా నాయిన ముఖం, ఆ మెకానిక్ తండ్రి చెయ్యి, అక్క కాళ్లు అన్నీ కళ్లముందు తిరిగాయి.

కారు తలుపు చప్పుడైంది. అక్క దిగింది. పద్దెనిమిది అడుగులు నడవడానికి మూడుసార్లు ఆగింది. గోడ పట్టుకుని వంగి, అమ్మవారి ముందున్న పానా తీసి, దాని మీది కుంకుమను కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది.

"అమ్మవారికి నేను జెప్పుకుంట తమ్మీ. నువ్వు ఇప్పు."

మట్టం పైపు నేనే తీసుకున్నాను. కాయిళ్లు విప్పి, పైపును ఒక్కో గుంతలోకి దింపి నోటితో పీల్చి చాయ్ గ్లాసులో ఉమ్మాను. నూనె, మట్టి, పసుపు. నాలుగు గుంతల నీళ్లూ కలిపి గ్లాసు నిండలేదు. వంద మిల్లీలీటర్లు కూడా ఉండవు. గుంతలను బట్టతో అద్ది, కాయిళ్లను పళ్లెంలో పెట్టి పదిహేను నిమిషాలు ఎండకు ఆరబెట్టమన్నాడు మెకానిక్. ఆ పదిహేను నిమిషాలూ దేవుని అర్రలోంచి అక్క ఊపిరి చప్పుడు వాకిట్లోకి వినిపించింది.

పదకొండు ఇరవై ఆరుకు ఇంజన్ అందుకుంది. ఒక ప్లగ్గు ఇంకా పనిచేయడం లేదు, మిగతా మూడు ప్లగ్గుల మీదే బండి పోతుంది, వేగం నలభై దాటవద్దని చెప్పాడు మెకానిక్. సిద్దిపేట దాకా బండి కుదుపుతూనే ఉంది. ఆ కుదుపు ఆగితే బండి ఆగినట్టే అనుకుంటూ నడిపాను.

పన్నెండు తొమ్మిదికి చేరాం. మిషన్ మొదలయ్యేసరికి పన్నెండున్నర. మూడింటికి ఆపేశారు. బరువు నలభై తొమ్మిది కిలోల ఏడు వందల గ్రాములు. కిలో ఏడు వందల గ్రాముల నీరు ఆమె ఒంట్లోనే మిగిలింది. గురువారం దాకా నీళ్లు ఐదు వందలకు తగ్గించమన్నారు.

తిరుగు దారిలో అక్క అద్దానికి తల ఆనించి, పెదాలు తడుపుకుంది.

"పండుగ గదా తమ్మీ. ఇయ్యాల ఒక్క గుక్క ఎక్కువియ్యి."

ఇంటికొచ్చాక సీసా తీసుకుని బోరు నల్లా దగ్గరికి వెళ్లాను. పొద్దున ఇంజన్ మీద పోసిన నీళ్లు గచ్చు మీద ఇంకా అక్కడక్కడా నిలిచే ఉన్నాయి. ఐదు వందల దగ్గర కొత్త గీత గీశాను. బొటనవేలు ఆ గీత మీద పెట్టి, అక్కడిదాకా నింపి, ఆపేశాను.