బీరువా వాయించిన సగం

మా పిన్ని బేస్ గిటార్ నేర్చుకున్నది ఒక చెక్క బీరువా దగ్గర.

కొత్త కాపురంలో వాళ్లకున్నది మేడమీద ఒక్కటే గది. అక్కడ స్పీకర్ పెడితే కింది వాటావాళ్లు ఊరుకునే రకం కాదు. స్పీకర్ లేని బేస్ గిటార్ సగం మూగది. అంత లావు తీగను మీటినా పక్కమనిషికి వినపడదు. ఒకరోజు గిటారు తల పొరపాటున బీరువా తలుపుకు ఆనింది. బీరువా గొంతెత్తింది. లోపలి పలకలూ, హ్యాంగర్లూ, తాళంచెవి కూడా ఆ స్వరాన్ని అందుకున్నాయి. వేలు తీసేసిన తర్వాత కూడా కాసేపు మూలుగుతూనే ఉన్నాయి. అప్పటినుంచి పిన్ని సాధన అంతా ఆ తలుపు దగ్గరే.

బాబాయి బేకరీలో రాత్రి డ్యూటీ చేసేవాడు. పగలు ఆ బీరువా పక్కనే మంచం మీద నిద్ర. సెలవులకు వెళ్లినప్పుడు నేను బీరువాకు వీపు ఆనించి కూర్చునేదాన్ని. పాట చెవికన్నా ముందు వెన్నుకు తెలిసేది. ముసుగుతన్ని పడుకున్న బాబాయి, దుప్పటికి అంటిన పిండివాసన, వీపులో ఆ ఝుమ్మనే మోత: చాలాకాలం వరకు సంగీతమంటే నాకు ఈ మూడూ కలిసిన ఒకే వస్తువు.

తరువాత పిన్ని ఒక పాటల బృందంలో చేరి, దానితోనే నడివయసు దాటింది. బృందానికి ఉన్న ముసలి స్పీకర్ కూడా బీరువాకు అన్నలాంటిదే. ఏ స్వరమిచ్చినా నోట్లో వేసుకుని నానబెట్టేది. కిందటేడు దాన్ని తీసేసి కొత్తవి తెచ్చారు. చిక్కంతా అక్కడే మొదలైంది.

"ఏమనుకోకు చెల్లెమ్మా," అన్నాడు బృందాన్ని నడిపే మాస్టారు. "ఈమధ్య నీ వాయింపు ఎక్కిళ్లు పెడుతున్నట్టు ఉంటోంది."

"నేను కొత్తగా ఏం మార్చలేదు మాస్టారూ."

"మనం మార్చకపోయినా వయసు మారుస్తుంది కదమ్మా. కీబోర్డు అబ్బాయి బేస్ కూడా ఎడంచేత్తో కానిచ్చేస్తానంటున్నాడు. ఈ ప్రోగ్రాం దాకా చూద్దాం."

ఆ సాయంత్రం నేను వాళ్లింట్లోనే ఉన్నాను. పిన్ని గిటారు ముట్టుకోలేదు. బీరువాలో బట్టలన్నీ కిందపడేసి మళ్లీ మడతలు పెట్టింది.

"మాస్టారి మీద కోపం బీరువా మీద చూపించకు," అన్నాడు బాబాయి. "పాపం, అది నాకన్నా పెద్దది."

"వేళ్లు పాడైతే మానేస్తానండీ, ఏడవను. పాడయ్యాయో లేదో తెలియాలిగా. వేదిక మీద డ్రమ్ముల హోరులో నా మోత నాకే వినపడి చావదు."

అప్పుడే ఆమెకు తట్టిన సంగతి మమ్మల్నందరినీ ఆశ్చర్యపరిచింది. ఇన్నేళ్లలో తన బేస్ ఒంటరిగా, ఉన్నదున్నట్టుగా ఎలా ఉంటుందో పిన్ని ఒక్కసారీ వినలేదు. విన్నదంతా బీరువాతోనో, ముసలి స్పీకర్‌తోనో కలిసిన స్వరం.

మర్నాడు ముగ్గురం స్పీకర్లు బాగుచేసే దుకాణానికి వెళ్లాం. పని సరిచూసుకోవడానికి యజమాని ఒక స్పీకర్‌ను ప్రత్యేకంగా ఉంచుకున్నాడు. అది దేన్నీ పెంచదు, దేన్నీ దాచదు.

"ఇందులో పౌడరు రాయని మొహం కనిపిస్తుందమ్మా," అన్నాడాయన. "తర్వాత నన్ను తిట్టుకోకూడదు."

"మా ఆయన నా మొహం రోజూ పొద్దున్నే చూస్తున్నారు. ఇంకా ఇల్లు వదిలి పారిపోలేదు. తగిలించండి."

పిన్ని మీటింది. ఆ గదిలోకి వచ్చింది నాకు తెలిసిన శబ్దం కాదు. చెక్క లేదు, మూలుగు లేదు. ముందు వేలికొన తీగను గీసుకున్న చిన్న గరుకు, వెంటనే స్థిరంగా నిలబడిన ఒక స్వరం. అంతే, పుటుక్కున తెగింది. మళ్లీ మీటింది, మళ్లీ తెగింది. బాబాయి నేలచూపులు చూశాడు.

మూడోసారి పిన్ని కళ్లు మూసుకుని, మీటి, తీగను నొక్కిన వేలు తీయకుండా ఉంచింది. స్వరం వణకలేదు. తనంతట తాను సన్నబడి, దుకాణం బయటి రోడ్డు చప్పుడులో కలిసేవరకు నిలిచింది.

"వేళ్లకేం కాలేదండీ," అంది పిన్ని. "నేనే ముందుగా తీసేస్తున్నాను. మిగతా సగం బీరువా వాయించేది."

"దానికి జీతం కూడా ఇవ్వలేదే మనం," అన్నాడు బాబాయి.

"పైగా పక్కన మీరు పడుకుని ఉండేవారు. సాగదీస్తే లేస్తారేమోనని తొందరగా తుంచేసేదాన్ని. అదే అలవాటైపోయింది."

బాబాయి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "పిచ్చిదానా, నాకు మెలకువ వచ్చేది నువ్వు ఆపినప్పుడు."

ప్రోగ్రాం నాడు పిన్ని ఒక్కో స్వరాన్నీ చివరిదాకా పట్టుకుంది. రెండో పాటలో మాస్టారు ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. వైర్లు చుట్టుకునేటప్పుడు, "పై వారం కాస్త పెందలాడే వచ్చెయ్ చెల్లెమ్మా, కొత్త పాటలున్నాయి" అన్నాడు.

బాబాయి రాత్రి డ్యూటీలు ఎప్పుడో ముగిశాయి. అయినా మధ్యాహ్నం నడుం వాల్చే అలవాటు పోలేదు. అప్పుడు పిన్ని గిటారు తలను పాత బీరువాకు ఆనిస్తుంది. అక్కడ వేలు పాత పద్ధతిలోనే, కాస్త ముందుగానే లేస్తుంది. మిగిలిన సగాన్ని బీరువా పూర్తిచేస్తుంది. బాబాయి లేచేవరకు పిన్ని ఆపదు.