జీలకర్ర పొట్లాల చదువు

ఆ రోజుల్లో జనవరి ఒకటో తారీకంటే మాకు క్యాలెండరు మార్చుకునే రోజు, అంతే. (అదీ కొట్టువాళ్లు ఊరికే ఇస్తేనే. కొనుక్కునేంత పిచ్చి మా ఇంటావంటా లేదు.) ఇప్పుడు మా మనవరాలు ఆ రోజున ఫ్రిజ్ తలుపుకి ఒక కాగితం అంటిస్తుంది. ఐదింటికి లేవడం, గంట నడవడం, తీపి మానడం, రోజుకి యాభై పేజీలు చదవడం, ఇలా నిరుడు పదకొండు రాసింది. వారం తిరిగేసరికి ఆ కాగితానికి ఎదురు పడలేక, లోపలున్న మైసూర్‌పాకు నన్ను తీసిపెట్టమంటుంది. దాన్ని గట్టిగానే కోప్పడతాను. కాకపోతే పైకి ఎంత తిట్టినా, కడుపులో నవ్వు ఆగదు. పంతొమ్మిదేళ్లప్పుడు నేను చేసిన ఘనకార్యాలు దానికి చెప్పలేదు, మీకు చెబుతున్నాను.

మాది క్రోసూరు పక్క. గురజాల దగ్గర పల్లెకి కోడలిగా వచ్చాను. నా చదువు రెండో తరగతి. అక్షరాలు గుర్తుపడతాను గానీ ఒత్తులు, గుణింతాలు ఒకదాని మీద ఒకటి ఎక్కితే ఎవరు ఎవరో తెలిసేది కాదు. మా ఆయనకి సంతకం వరకే వచ్చు, పైగా నాపరాళ్ల లారీ మీద తిరుగుతూ వారానికి రెండు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. ఇంటిల్లిపాదిలో చదువుకున్నది మా ఆడబిడ్డ ఒక్కతే. నాకన్నా రెండేళ్లు చిన్న, ఎనిమిది పాసయింది, అందుకని వీధంతా ఆ పిల్లని కలెక్టరమ్మ అనేవాళ్లు. మా పెళ్లి భోజనాల్లో మామయ్యకి పెరుగు ఆలస్యంగా వడ్డించారట. ఆ పెరుగు మీద మా నాన్నకీ ఆయనకీ మాటామాటా పెరిగి రాకపోకలు తెగిపోయాయి. ఏడాదికి పైగా నేను పుట్టింటి గడప తొక్కలేదు, వాళ్లు మా గడప తొక్కలేదు. ఇక మిగిలింది ఉత్తరాలు. మా అమ్మకీ చదువు రాదు కాబట్టి ఊళ్లో పోస్టుమాన్ని కూర్చోబెట్టి, మజ్జిగిచ్చి, నెలకొకటి రాయించేది. ఇక్కడ దాన్ని కలెక్టరమ్మ గొంతు సవరించుకుని చదివేది. నా జవాబు రాసేదీ ఆవిడే.

ఉత్తరంలో గేదె ఈనిన సంగతి, నాన్న దగ్గు సంగతి అయ్యాక చివర ఒక ముక్క వచ్చేది. మొదటిసారి, నీ జుంకాలు చిన్నమ్మాయిని పెట్టుకోనియ్యి అని. చిన్నమ్మాయంటే మా కలెక్టరమ్మే. అమ్మ మాట కదా, ఇచ్చాను. రెండోసారి, నీలం వాయిల్ చీర చిన్నమ్మాయికియ్యి, ఆ రంగు దానికి బాగుంటది అని. ఇచ్చాను. మూడోసారి మా నాయనమ్మ నా కాళ్లకి పెట్టిన వెండి పట్టీల దగ్గరికి వచ్చింది. అప్పుడు నాకు అనుమానం తగిలింది. మా అమ్మ ఎవరికన్నా సూది ఇస్తే, తిరిగొచ్చేదాకా వాళ్ల గుమ్మం వైపే చూస్తూ కూర్చునే మనిషి. ఆ మనిషి పట్టీలు ఇచ్చెయ్యమంటుందా. అట్లాగని ఎవర్ని అడగను? చదివేదీ ఆవిడే, రాసేదీ ఆవిడే. మువ్వ ఊడింది, కంసాలి దగ్గర వేయించి ఇస్తానని వాయిదా వేశాను గానీ, మువ్వని ఎన్నాళ్లని ఊడదీస్తాం.

ఇక నేనే చదవాలి అనుకున్నాను. ఊరికే అనుకుంటే ఏం బాగుంటుందని ఉగాది నాడు కొత్త పలక తెచ్చి, పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, రోజుకి రెండు గంటలు చదువుతా, వచ్చే ఉత్తరం నేనే చదువుతా అని వీధి వీధంతా వినేట్టు చెప్పాను. మొదటి రోజు రెండు గంటలూ కూర్చున్నాను, అన్నం మాడింది. రెండో రోజు గంట. మూడో రోజు మిరపకోతకి పోయి వచ్చి, పలక ఒళ్లో పెట్టుకుని గోడకానుకుని నిద్రపోయాను. ఆరో రోజుకి ఆ పలక మజ్జిగ కుండ మీద మూతయింది. (సరిగ్గా సరిపోయిందిలెండి, అది మాత్రం నష్టం కాలేదు.) వీధిలో ఆడవాళ్లు నేను కనపడితే చాలు, ఏ పుస్తకం దాకా వచ్చిందమ్మా చదువు అని అడిగేవాళ్లు.

పంతం పెరిగి, తొలి ఏకాదశికి ఇంకా పెద్ద ఒట్టు పెట్టుకున్నాను. ఒక పేజీ తప్పు లేకుండా చదివేదాకా గోంగూర ముట్టను అని. మా పలనాట్లో ఆ మాట అన్న మనిషిని ఆస్పత్రిలో చూపిస్తారు. రెండో రోజే అత్తయ్య వెల్లుల్లి దంచి వేసి గోంగూర నూరింది. వాసనకి నా ఒట్టు పక్కకి జరిగి కూర్చుంది. నేను మానింది నిల్వ పచ్చడిని, ఇది రోట్లో నూరింది కాబట్టి లెక్కలోకి రాదని నాకు నేనే తీర్పు చెప్పుకుని రెండు వాయిలు తిన్నాను. అత్తయ్య మూడో వాయికి నెయ్యి వేసి, “తినమ్మా, చదువుకునే పిల్లవి” అంది.

ఇంతలో నాకు తెలియకుండానే దారి ఒకటి దొరికింది. మా ఇంట్లో కొట్టు నుంచి వచ్చిన పొట్లం ఏదీ పారేయం. సరుకు డబ్బాలో పోసి, కాగితం దులిపి, ముడతలు సాపు చేసి, మడిచి చూరులో పెడతాం. పురికొస ఉండ చుడతాం. అత్తగారింట్లో అదే అలవాటు, పుట్టింట్లోనూ అదే. ఒకరోజు జీలకర్ర పొట్లం సాపు చేస్తూ, పొయ్యి మీద ఎసరు మరిగేలోపు ఊరికే ఒక లైను కూడబలుక్కున్నాను. ఏదో వారపత్రిక కథ. వానలో ఎవరో తలుపు కొట్టారు, ఆమె దీపం పట్టుకుని వెళ్లి గడియ తీసింది, అక్కడికి కాగితం చిరిగిపోయింది. ఎవరొచ్చారు? మర్నాటికల్లా అది తెలియకపోతే నాకు పొద్దుపోదు.

కొట్టు బాబాయ్ సాయిబుల మనిషి, నిదానస్తుడు. మిగతా ముక్క ఇవ్వమని అడిగితే, “ఊరికే కాయితం ఇయ్యను తల్లీ, సరుకులో వస్తది” అన్నాడు. మళ్లీ జీలకర్ర కొన్నాను. వచ్చింది వేరే పేజీ, రైతులకు సూచనలు. అదీ చదివాను. తర్వాత మెంతులు కొన్నాను, సినిమా వాళ్ల కబుర్లు వచ్చాయి. అట్లా రోజుకొక పొట్లం. కొబ్బరికాయ కొట్టలేదు, ఎవరికీ చెప్పలేదు, గంటలు పెట్టుకోలేదు. కాగితం మడిచే ముందు దాన్ని చదవాలి, అంతే. జ్వరం వచ్చిన రోజు కూడా ఒక లైను చదివి మడిచాను, ఎందుకంటే మడవకుండా వదిలేస్తే నాకు ఒళ్లు దురద పుట్టేది. డబ్బాలు నిండిపోయి ఇంట్లో ఎటు చూసినా జీలకర్రే. అత్తయ్య, “ఏందే, కూరలో ఏస్తన్నావా, చేలో చల్లుతున్నావా” అని నిలదీసింది. రోజూ కొట్టుకి పోతున్నానని చూసి ఎదురింటి పెద్దమ్మ వేవిళ్ల కోరికలనుకుని ఎన్నో నెల అని అడిగింది. తలొంచుకుని నవ్వాను. ఆ అబద్ధం నేను చెప్పలేదు, ఆవిడే అనుకుంది. తలుపు తట్టిందెవరో మాత్రం ఈనాటికీ తెలియదు.

దసరా ముందు ఉత్తరం వచ్చింది. అత్తయ్య పెసలు చెరుగుతోంది. కలెక్టరమ్మ గొంతు సవరించుకుని గేదె, దగ్గు అన్నీ చదివి, చివర “పట్టీలు చిన్నమ్మాయికి ఇచ్చెయ్యి తల్లీ, ఆలస్యం చెయ్యొద్దు” అని ముగించింది. నేను చెయ్యి చాపాను.

“నీకేం అర్థమైద్ది వదినా” అంది.

“అక్షరాలు చూసుకుంటా, ఇటియ్యి.”

తీసుకుని చివరి నాలుగు లైన్లు పెదాలు కదుపుతూ చదివాను. చెమట పట్టింది, కానీ ఒక్క ఒత్తు కూడా నన్ను ఆపలేదు. అందులో ఉన్నది ఇది: జుంకాలు, నీలం చీర, పట్టీలు భద్రం. ఎవరికీ ఇయ్యొద్దు. మీ ఆడబిడ్డ కన్ను వాటి మీద ఉండి ఉంటది, దాని చేతికి అసలే ఇయ్యొద్దు. అంటే ఆ పిల్ల నెలనెలా తన మీద చాడీలు తానే కళ్లారా చదువుకుంటూ, మొహంలో ఏమీ కనపడనీయకుండా చీర లాగిందన్నమాట. కోపం రావలసింది, ముందు మెచ్చుకోలు వచ్చింది.

“ఏముందే అందులో, అంత సేపు చూస్తన్నావు” అంది అత్తయ్య చేట ఆపి. కలెక్టరమ్మ మొహం సున్నం కొట్టినట్టయింది. నేను కాగితం దగ్గరగా పట్టుకుని నిదానంగా చదివాను. “చిన్నమ్మాయి జుంకాలూ చీరా తిరిగిస్తానంటే మొహమాటపడకుండా తీసుకో. మీ అత్తగారికి నడుం నొప్పి కదా, దసరా దాకా పేడకళ్లు చిన్నమ్మాయి చేత ఎత్తించు.”

“నా నడుం నొప్పి మీ అమ్మకెట్టా తెలిసిందే?”

“ఉత్తరాలు రాసేది చిన్నమ్మాయేగా అత్తయ్యా. రాసుంటది.”

అత్తయ్య కూతురి వైపు ప్రేమగా చూసి గంప చూపించింది. ఆ లైను అందులో లేదని తెలిసిన మనిషి ఈ లోకంలో నేను కాక ఆ పిల్ల ఒక్కతే, చెబుదామంటే నోరు లేదు. సాయంత్రం దొడ్లో గంప దించి నా పక్కన నిలబడి, “పేడకళ్ల సంగతి అందులో లేదు వదినా” అంది. “పట్టీల సంగతీ లేదమ్మాయ్” అన్నాను. ఇద్దరం కొట్టం గోడకి ఆనుకుని నవ్విన నవ్వుకి గేదె కట్టు తెంపుకోబోయింది.

జుంకాలు ఆ రాత్రే వచ్చాయి. చీర మాత్రం ఉతికి ఇస్తానని ఇంకో నెల కట్టింది. నాకు పొట్లాల అలవాటు పోలేదు. ఇప్పటికీ బజ్జీలు తెచ్చినా కాగితం నాకు చూపించి గానీ పారేయరు. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే దాని చలవే.

ఆ దసరాకి మా అమ్మకి నా చేత్తో మొదటి ఉత్తరం రాశాను. రోజుకి ఒక మాట చొప్పున తొమ్మిది రోజులు పట్టింది. బాగున్నాను, పట్టీలు ఉన్నాయి, నాకు చదవడం వచ్చింది, ఇది నేనే రాశాను, అంతే. పోస్టుమాను దాన్ని అమ్మకి చదివి వినిపించాడు. మూడో రోజు పొద్దున్నే అమ్మ, నాన్నకి చెప్పకుండా, పెరుగు గొడవ సంగతి గాలికొదిలేసి, మొదటి బస్సుకి మా గుమ్మంలో దిగింది. నన్ను పై నుంచి కింది దాకా తడిమి చూసి, మామయ్యకి తన చేత్తో పెరుగు వడ్డించి, వారం ఉండి వెళ్లింది. ఆ నాలుగు ముక్కలకే వచ్చిందా, పోస్టుమాను ఏమన్నా కలిపి చదివాడా అని నేను అడగలేదు. ఆవిడ మాట ప్రతి అక్షరం తెలుసుకోవాలని నెలల తరబడి జీలకర్ర కొన్న దాన్ని, నా మాట ఆవిడకి ఎట్లా చేరిందో అడగాలని తోచలేదు. ఇప్పుడు అమ్మా లేదు, పోస్టుమానూ లేడు. ఏం చదివాడో గానీ, బాగా చదివాడు.