నన్ను మెల్లగా పెద్దదాన్ని కానిచ్చిన చిన్నమ్మ

మొన్న పొద్దున అమ్మ ఫోన్ చేసి, "చిన్నమ్మ పోయింది బిడ్డా. గుండె ఆగిందంట" అన్నది. నేను హైదరాబాదు నుంచి మెదక్ చేరేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. చేతుల నిండా గాజులున్నాయి. భర్త పోయినా ఆమె గాజులు తీయలేదు. "అమ్మేదాని చేతులు బోసిగుంటే కొనెటోళ్లు ఎట్ల వస్తరు?" అనేది.

అమ్మకు చెల్లెలు. బజారులో చిన్న గాజుల దుకాణం. పదో తరగతి పూర్తికాకముందే లారీ డ్రైవరుకిచ్చి పెళ్లి చేశారు. ఆయన జబ్బుపడి పోయినప్పుడు తెలిసింది, హెచ్ఐవి ఈమెకూ ఉందని. ఆ మాట బజారులో పాకాక కొందరు ఆడవాళ్లు ఆమెకు చేయి ఇవ్వడం మానేశారు. ఆమె గాజులు వాళ్ల ముందు పెట్టి, "మీరే ఏసుకోండ్రి అక్కా" అనేది. గొంతులో నిష్ఠూరం ఉండేది కాదు.

ఎందుకలా అంటుందో అప్పట్లో నాకు తెలియదు. నేను పదో తరగతిలో ఉండగా ఒకరోజు దుకాణం మూసి నన్ను సినిమాకు తీసుకెళ్లింది. ఒక పల్లెటూరి పిల్ల పెద్దదయ్యే కథ. తల్లితో పోట్లాడుతుంది, స్నేహితురాలితో అలుగుతుంది, పరీక్ష తప్పుతుంది, మళ్లీ రాస్తుంది. అంతే. నాకు విసుగొచ్చింది. చిన్నమ్మ మాత్రం ఇంటర్వెల్ నుంచీ ఏడుస్తూనే ఉంది.

బయటికొచ్చాక ఎందుకని అడిగాను.

"ఆ పిల్ల ఎంత మెల్లగ పెద్దగైంది బిడ్డా! నన్నైతే ఒక్కరోజుల పెద్దదాన్ని చేసిండ్రు."

నడుస్తూనే తన జబ్బు సంగతి చెప్పింది. "భయమైతుందా?" అని ఆగింది. నేను రెండు చేతులూ చాచి, "గాజులు ఏస్తవా చిన్నమ్మా?" అన్నాను. దుకాణం మళ్లీ తెరిచింది. నా వేళ్లు దగ్గరకు నొక్కి, ఒక్కొక్కటే, చాలాసేపు తొడిగింది. ఇప్పుడు నేనే వేసుకుంటే చేయి గీసుకుపోతుంది. ఆమె తొడిగితే నొప్పి తెలిసేది కాదు.

ఇంటర్ కాగానే నాకు సంబంధం వస్తే ఇంట్లో అడ్డం నిలబడింది ఆమే. "దాన్ని జర మెల్లగ పెద్దగ కానియ్యుండ్రి" అన్నది. నేను డిగ్రీ చదివాను.

రోజూ సాయంత్రం ఆ జబ్బుకిచ్చిన గోలీ మరవకుండా వేసుకునేది. ఇక భయం లేదనుకున్నాం. రెండేళ్ల కిందట నాతో కొండమీది ఖిల్లా ఎక్కుతూ ఛాతీ పట్టుకుని కూర్చుంది. "గ్యాసేమో. నువ్వు నడువు" అన్నది. నేను వినకుండా దవాఖానకు తీసుకెళ్లాను. మందులతో వైరస్ అదుపులో ఉన్నా, ఈ జబ్బున్నవాళ్లకు గుండెజబ్బు ముప్పు ఎక్కువేనని, బీపీ, కొలెస్ట్రాల్ ముందునుంచే చూసుకోవాలని డాక్టర్ చెప్పారు. అప్పటిదాకా ఆ మాట మేము వినలేదు. ఆ తర్వాత ఆవకాయ మానేసింది, మరికొన్ని గోలీలు మింగింది. అయినా వెళ్లిపోయింది.

ఆ రోజు దవాఖానలో గుండెకు స్కానింగ్ చేస్తుంటే, "సారూ, జర నాకు గూడ చూపియ్యుండ్రి" అని అడిగింది. డాక్టర్ తెరను ఆమె వైపు తిప్పారు. నలుపు తెలుపుల్లో గుండె మూసుకుంటూ తెరుచుకుంటూ ఉంది. చిన్నమ్మ రెప్ప వేయకుండా చూసింది.

"పాపం, ఎంత కష్టపడుతున్నదో" అని, పసిపిల్లను పలకరించినట్టు దానికేసి మెల్లగా చేయి ఊపింది.